సిద్ధమ్మ పొద్దున షిఫ్టు

ఇన్నేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీతో చెప్పడానికి ధైర్యం వస్తోంది.

మాది సదుం దగ్గర పల్లె. కిడ్నీలు చెడిపోయాక డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు మదనపల్లెకు వెళ్తున్నాను. అక్కడ పొద్దున షిఫ్టంటే అందరికీ ప్రాణం. అది దొరికితే మధ్యాహ్నానికి బయటపడి, ఆవుల పాలు పిండే వేళకు ఇల్లు చేరొచ్చు. నాకు దొరకలేదు. పుంగనూరు సిద్ధమ్మకు దొరికింది. ఆమె బస్టాండులో పూలు కట్టి అమ్ముకునేది.

ఆ రోజుల్లో మిషను పెట్టిన కాసేపటికే ఆమెకు ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. గోకి గోకి చేతుల నిండా మచ్చలు పడ్డాయి. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. ఒకరోజు నేను నర్సమ్మను పక్కకు పిలిచి, అది అంటుకునే జబ్బులా ఉంది, ఆమె లేచిన మంచం మీద పడుకోవాలంటే భయమేస్తోంది అన్నాను. ఇంకో నలుగురి చేత కూడా అనిపించాను. నిజంగా భయపడ్డానా? కొంచెం భయపడ్డాను. కానీ ఆ కొంచెం భయాన్ని అడ్డం పెట్టుకుని ఆమె షిఫ్టు కొట్టేయాలని చూస్తున్నానని నాకు అప్పుడే తెలుసు. ఆమెను చివరి షిఫ్టుకు మార్చారు. పొద్దున మంచం నాకిచ్చారు.

తర్వాతి వారం సిద్ధమ్మ తన వేళకు ముందే వచ్చి నన్ను వరండాలో ఆపింది.

"అక్కా, నిజం సెప్పు. నాకేమన్నా అంటురోగం ఉండాదా?"

'లేదు' అని ఒక్క మాటంటే నా సొమ్మేం పోయేది?

"ఏమోమ్మా. ఎందుకొచ్చిన తంటా, కొన్నాళ్లు ఆ పూలు ముట్టుకోబాకు," అన్నాను.

"అవునులే. ఈ సేతుల్తో దేవుడికి పూలెట్ల కట్టేది," అని చేతులు కొంగులో దాచుకుంది.

ఆమె పూలు మానేసింది. నేను మాత్రం వేళకు ఇల్లు చేరి పాలు పిండుకున్నాను. ఛీ.

కొన్ని నెలలకు నాకూ అవే దద్దుర్లు వచ్చాయి. కుప్పం నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చూసి, ఇది అంటురోగం కాదు, రక్తం వడకట్టే ఫిల్టర్ కొందరి ఒంటికి పడదు, వేరే రకం పెడదాం అంది. సిద్ధమ్మకూ ఇదేనమ్మా, ఆమెకూ మార్చండి అని నా నోరే చెప్పింది. ఈ మొత్తంలో నేను చేసిన మంచి పని అదొక్కటే. మార్చారు. ఇద్దరికీ తగ్గింది. ఆమె మళ్లీ పూలు కట్టింది. డాక్టరమ్మకు చెప్పింది నేనేనని తెలిసి, అందరి ముందూ నన్ను దేవత అంది. దేవతట! ఆ దేవత పొద్దున షిఫ్టు మాత్రం వదల్లేదు. అడిగి ఉంటే వదిలేదాన్నని నాకు నేను సర్దిచెప్పుకుంటూ, ఆమె అడగదని తెలిసీ, ఇన్నేళ్లు ఆ మంచం మీదే పడుకున్నాను.

ఇవాళ నర్సమ్మ దగ్గరికి వెళ్లి, నా షిఫ్టు సిద్ధమ్మకు ఇమ్మన్నాను. ఫోన్ చేసి ఆమెను వెంటనే రమ్మన్నారు. వచ్చి, యాలక్కా, నీ షిఫ్టు నాకెందుకు ఇస్తాండావు అని అడిగింది. చెప్పాను. ఏదీ దాచలేదు. ఆమె తన చేతుల మీది పాత మచ్చలు ఒకసారి చూసుకుని లోపలికి వెళ్లింది. క్షమిస్తుందా? తెలియదు. అడిగే ముఖం నాకు లేదు.

నేను బయట బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంటి దగ్గర పాలు కోడలు పిండుతుంది. చివరి షిఫ్టులో నా వంతు వచ్చేసరికి చాలా ఆలస్యమవుతుంది, కానివ్వండి. ఇవాళ సిద్ధమ్మ పొద్దుండగానే పుంగనూరు బస్సెక్కుతుంది.