థర్మాకోల్ డబ్బాలో సముద్రం: వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కు ఒక చేపతో

ఈ ప్రయాణం ఎందుకు చేయవలసి వచ్చిందో ముందు చెప్తాను. మా ఇంటామె శాంతమ్మ పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. పెళ్ళైన కొత్తలో చూపిస్తానని మాటిచ్చాను. నేను జంపఖానాలు నేసేవాణ్ణి, ఆదివారాలు వాక్యం చెప్పేవాణ్ణి. ఈ రెండింటి మధ్య ఆ మాట ఏళ్ళ తరబడి అట్లాగే ఉండిపోయింది. ఇంతలో ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. గుమ్మం దిగడానికే గోడ పట్టుకుంటుంది, ఇక అలల్లో ఏం నిలబడుతుంది? పడుకునే ముందు నేను ప్రార్థించి ఇచ్చిన కొబ్బరి నూనె మోకాళ్ళకు రాసుకుంటుంది, తెల్లారి మళ్ళీ గోడ పట్టుకుంటుంది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆమె సముద్రం దగ్గరికి పోలేకపోతే, సముద్రాన్నే మట్టెవాడలోని మా ఇంటికి తెస్తాను!

నేను ఏ బైబిల్ కాలేజీలోనూ చదవలేదు. గ్రంథాన్ని మగ్గం పక్కన పెట్టుకొని నాకు నేనే నేర్చుకున్నాను. ఈ విద్య కూడా అట్లాగే, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. మీలో ఎవరికైనా ఈ ఆశ ఉంటే వినండి. మూడడుగుల గాజు తొట్టి, నూట యాభై లీటర్ల ఆర్ఓ నీళ్ళు, అందులో కలపడానికి సముద్రపు ఉప్పు పొడి. వంటింటి ఉప్పు పనికిరాదు. చచ్చిన పగడపు రాళ్ళు పేర్చి, నీళ్ళలో మేలు చేసే సూక్ష్మజీవులు పుట్టేదాకా చేప లేని తొట్టికి నెలరోజులు కాపలా కాయాలి. మా సంఘంవాళ్ళు వచ్చి చూసి, "అన్నా, నీళ్ళను సాదుతానవా?" అని నవ్విపోయేవాళ్ళు. నెల గడిచాక రెండు నారింజరంగు చారల చేపలు, మూడు చిన్న నీలం చేపలు, ఇంకొకరి తొట్టిలో పెంచిన పగడపు ముక్కలు నాలుగు తెచ్చాను. కడలిలోంచి పగడం విరిచి తేవడం నేరం. అమ్మేవాణ్ణి రసీదు అడగండి. లైటు వెయ్యగానే ఆ పగడాలు గుండీలంత పూలలాగా విచ్చుకునేవి. శాంతమ్మ కుర్చీ అక్కడికే జరుపుకుంది. చారల చేపల్లో పెద్దదానికి రాణి అని, చిన్నదానికి బుడ్డోడు అని పేరు పెట్టింది. శుక్రవారం ప్రార్థనకు వచ్చినవాళ్ళకు ఆ తొట్టి చూపించి, ఐదో దినపు సృష్టి ఇదే కళ్ళు తెరిచి చూడండి అని నేను గొంతు చించుకునేవాణ్ణి. అందులో నా గొప్ప కూడా ఉంది. దాచను.

పోయిన శనివారం రాణి ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపించాయి. చేపలు కొన్న దుకాణం సికింద్రాబాద్‌లో ఉంది, దాని యజమాని రఫీ భాయ్. ఫోన్ చేస్తే, పది రోజులు వేరే గిన్నెలో పెట్టి మందు వేయమన్నాడు. మందు బస్సులో పంపుతానన్నాడు. నేను వద్దన్నాను. ఆ మరునాడు మా ఇంట్లోనే, ఆ తొట్టి పక్కనే నిలబడి, మందుల మీద ఆధారపడేవాళ్ళ అల్పవిశ్వాసం గురించి గంటసేపు ప్రసంగించాను. సోమవారానికి స్కిమ్మర్ ఆగిపోయింది. నీళ్ళలోని మురికిని నురగగా పైకి లాగే యంత్రం అది. మోటారు తిరుగుతోంది, నురగ మాత్రం రాదు. నీళ్ళ మీద ఏదో మెరుపు కనిపిస్తే లైటు వెలుతురు అనుకున్నాను. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగసాగాయి. ఉప్పు కొలిచాను, సరిగానే ఉంది. వేడి కొలిచాను, ఇరవై ఆరు డిగ్రీలు, అదీ సరిగానే ఉంది. ఉపవాసం ఉన్నాను. మంగళవారం నీలం చేపలు పోయాయి. బుధవారం పగడాలు ముడుచుకొని జిగురు కక్కాయి, సాయంత్రానికి రాణి పక్కకు ఒరిగి తేలింది. శాంతమ్మ దాన్ని టీ జల్లెడతో తీసి, కొంగులో పెట్టుకొని, ఎంతకూ ఇయ్యలేదు.

మిగిలింది బుడ్డోడొక్కడే. మళ్ళీ ఫోన్ చేశాను. "బతికున్నదాన్ని తీస్కొని రాండ్రి, తొట్టి నీళ్ళు గూడ ఒక సీసల తేండ్రి" అన్నాడు రఫీ భాయ్.

గురువారం తెల్లవారగానే బయలుదేరాను. ఇట్లాంటి ప్రయాణానికి ముందురోజు చేపకు మేత వేయకూడదు. మందమైన ప్లాస్టిక్ సంచిలో మూడోవంతు నీళ్ళు, మిగతా అంతా గాలి ఉంచి, గట్టిగా ముడి వేసి థర్మాకోల్ డబ్బాలో పెట్టాలి. ఎండ తగలకుండా డబ్బాకు నేను నేసిన జంపఖానా ముక్క చుట్టాను. శాంతమ్మ గోడ పట్టుకొని గుమ్మందాకా వచ్చింది.

"మనం చెయ్యాల్సిందల్ల చేసినమని చెప్పు ఆ దుకాణపాయనకు," అంది. "ఇగ ఏం మిగలలేదని చెప్పు."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

స్టేషన్‌కు ఆటో డెబ్భై రూపాయలు. డ్రైవర్ అద్దంలోంచి డబ్బా వైపు చూసి, "ఏంది కాకా, పొద్దుగాలనే బిర్యానీ పార్సలా?" అన్నాడు. చేప అని చెప్పాను. "చేపలు పట్నంల దొర్కయా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆరున్నర దాటాక వచ్చిన ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ టికెట్ వందలోపే. సికింద్రాబాద్‌కు రెండున్నర గంటలు పట్టింది. సామాను బల్ల మీద పెడితే డబ్బా కుదుపులకు ఊగుతుంది, అందుకే ఒళ్ళో పెట్టుకున్నాను. కాజీపేటలో జనం విరగబడి ఎక్కారు. జనగామలో జామకాయల గంపతో ఒక ముసలావిడ ఎక్కి, నా కాళ్ళ దగ్గర గంప దించి కూర్చుంది.

"పాణం పోయినా ఇడువనట్టు పట్టుకున్నవు. ఏముంది బిడ్డా అండ్ల?"

మూత కొంచెం తీసి చూపించాను. ఆమె వంగి చూసి, బొటనవేలు నాకు చూపించి, "గింతంతది! కూరొండితె ఒక్క ముద్దకు రాదు. దీనికి పట్నం దాక రైలు కిరాయా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

నాకు కోపం కట్టలు తెంచుకుంది. సృష్టికర్త దృష్టిలో పిచ్చుకకు కూడా లెక్క ఉందని, మనిషి చేతికింద ఉంచిన జీవాలకు తీర్పునాడు మనిషే జవాబు చెప్పాలని మొదలుపెట్టాను. ఆలేరు దాటేదాకా ఆపలేదు. ఆమె ఓపికగా విన్నది. చివరికి ఒక జామకాయ నా చేతిలో పెట్టి, "గంత చెప్పినవు గని, దానికి పాణం బాగలేకుంటె మొదాల్నే దవాఖానకు ఎందుకు తీస్కపోలేదు మరి?" అంది. కాయకు పైసలు తీసుకోలేదు. భువనగిరి కోట కిటికీలో కనబడి వెనక్కి పోయింది. బుడ్డోడు సంచి అడుగున రెక్కలు ఆడిస్తున్నాడు.

సికింద్రాబాద్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర కావస్తోంది. స్టేషన్ ముందు ఆటోలు ఎక్కువ చెప్తారు. కొంచెం దూరం నడిచి రోడ్డు మీద ఎక్కితే నూట యాభైతో పోతుంది. కానీ ఆ రోజు నేను బేరం ఆడలేదు. రఫీ భాయ్ దుకాణం పది తర్వాతే తెరుస్తాడు, నాకోసం ముందే వచ్చి షట్టర్ సగం ఎత్తి ఉంచాడు. సంచిని తన తొట్టి నీళ్ళ మీద పదిహేను నిమిషాలు తేలించి, సన్న గొట్టంతో చుక్కచుక్కగా కొత్త నీళ్ళు కలుపుతూ, నా సీసా మూత తీశాడు. వాసన చూశాడు. నీళ్ళను తెల్ల పళ్ళెంలో పోసి లైటు కింద అటూ ఇటూ వంచాడు. నీళ్ళ మీద సన్నగా రంగులు తిరిగాయి.

"పాస్టర్ సాబ్, తొట్టిల నూనె ఎవరు పోసిండ్రు?"

"నేను పాస్టర్‌ను కాదు. నూనె ఎవరు పోస్తరు, పిచ్చా?"

"మీరే సూంఘో, వాసన సూడుండ్రి." పళ్ళెం నా ముక్కు దగ్గర పెట్టాడు. "జర్రంత గాదు, బాగనే పోసిండ్రు. నూనె పైన పొరలెక్క పడితె నీళ్ళకు గాలి అందదు. స్కిమ్మర్ నురగ పట్టదు. చేపలకు ఊపిరాడక చచ్చినయి. చుక్కలు పెద్ద బీమారి గాదు సాబ్, మందుతోని పోయేటియి."

కొబ్బరి నూనె వాసన. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో వస్తున్న వాసన. నా చేతులకూ అదే.

ముందు నాకు శాంతమ్మ మీదే మండింది. అక్కడికక్కడే ఫోన్ చేసి కేకలు వేయాలని తీశాను కూడా. నంబరు నొక్కబోతుంటే ఆదివారం నేను చెప్పిన మాటే నా చెవిలో పడింది. రోగం ముందు చుక్కచుక్కగా రాసేది విశ్వాసం కాదు, సీసా బోర్లించేది విశ్వాసం అన్నాను. చెయ్యి ఎత్తి, సీసా బోర్లించినట్టు చూపించాను. ముందు వరసలో కూర్చున్న శాంతమ్మ ఆమెన్ అంది. పొద్దున గుమ్మంలో ఆమె అన్న మాటా గుర్తొచ్చింది: చెయ్యాల్సిందల్లా చేసినమని చెప్పు, ఇగ ఏం మిగలలేదని చెప్పు. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

రఫీ భాయ్ బుడ్డోణ్ణి గాలి బుడగలు బాగా కొట్టే చిన్న తొట్టిలో వదిలాడు. ఆయన నాకు ఒకప్పుడు చెప్పాడు, ఈ జాతిలో పెద్దదే ఆడది, అది పోతే మిగిలిన మగది కొన్నాళ్ళకు ఆడదవుతుందని. అప్పుడు అరగంట కొట్లాడాను, గ్రంథంలో అట్లా రాసి లేదని. ఇప్పుడు ఆ తొట్టి ముందు స్టూలు మీద కూర్చొని, ఏదైనా అవ్వు, బతుకు చాలు అనుకున్నాను. ప్రార్థించాలని కళ్ళు మూశాను. పాతిక మంది జ్వరాల మీద, బిడ్డలు లేనివాళ్ళ మీద, కొత్త బండ్ల మీద ధారాళంగా వచ్చే మాటలు ఆ బొటనవేలంత ప్రాణం మీద రాలేదు. మోటారు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మధ్యాహ్నం రెండు కాకముందే బుడ్డోడు పక్కకు ఒరిగాడు.

"రెండు రోజులు ముందుగాల తెస్తె..." అని రఫీ భాయ్ ఆగాడు. చాయ్ తెప్పించాడు. పైసలు తీసుకోలేదు. నేనూ తాగలేదు.

సాయంత్రం నాలుగు తర్వాతి రైలులో తిరిగి వచ్చాను. ఖాళీ డబ్బా సామాను బల్ల మీదే పెట్టాను, ఊగితే ఊగనీ. దారిపొడుగునా ఒక అబద్ధాన్ని నేస్తూ వచ్చాను. కరెంటు పోయినప్పుడు గాలి మోటారు ఆగిందని చెప్పాలి. ఆమెకు నొప్పి ఉండదు. నా పరువుకూ నొప్పి ఉండదు. జంపఖానా నేసినట్టు పోగు మీద పోగు వేసి దాన్ని గట్టిగా బిగించుకున్నాను.

ఇంటికి పోయేసరికి దీపాల వేళ. శాంతమ్మ తన కుర్చీలోనే ఉంది. ఎదురుగా ఖాళీ తొట్టిలో లైటు వెలుగుతోంది. డబ్బాను నేను పట్టుకున్న తీరు చూసే ఆమెకు తెలిసిపోయింది.

"నాదే తప్పు," అంది. "నేను తక్కువ పోసిన."

డబ్బాను కింద పెట్టాను.

"ఆదివారం నువ్వు చెప్పినంక సీస తీసిన. సగం పోసి చెయ్యి ఆగింది నాకు. మోకాళ్ళకు ఉండాలె గదా అని సగం దాసుకున్న. మిగిలింది నిన్న రాణి పోయినంక పోసిన, అప్పటికే ఆల్చమైంది. నా ఇశ్వాసం సగమే ఉండె. అందుకే పోయినయి."

దారిపొడుగునా నేసిన అబద్ధం ఆ మాట ముందు నిలవలేదు. కరెంటు అని చెప్తే, తన సగం విశ్వాసమే చేపలను చంపిందని ఆమె బతికినన్నాళ్ళూ మోస్తుంది. నేల మీద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"నువ్వు తక్కువ పొయ్యలేదు శాంతా. నూనె పొయ్యవట్టే పోయినయి. నీళ్ళకు గాలి అందలేదు. పొయ్యమన్నది నేను."

ఆమె తొట్టి వైపు చూసింది. ఏడవలేదు. తర్వాత చీర కుచ్చెళ్ళ మీదుగా రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"మరి ఇయ్యి?" అంది.

ఈ తొమ్మిదేళ్ళలో రెండుసార్లు ఆమె నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకుపొమ్మని అడిగింది. రెండుసార్లూ నేను సీసా చేతికిచ్చాను. ఏ ప్రశ్నకైనా గ్రంథంలో ఏ పుట తిప్పాలో నాకు తెలుసని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ రాత్రి గ్రంథం తెరవలేదు.

ఇది రాస్తున్నది శుక్రవారం పొద్దున. ప్రార్థనకు వచ్చేవాళ్ళు అప్పుడే నేను ప్రార్థించి ఇవ్వాల్సిన నూనె సీసాలను గుమ్మం పక్క వరసగా పెట్టి పోయారు, ఒక్కొక్కదానికి మూత మీద పేరు రాసిన కాగితం కట్టి ఉంది. అందులో పిల్లవాడి మూర్ఛ కోసం ఒకటి, ఎవరిదో గుండె నొప్పి కోసం ఒకటి. వాళ్ళలో ఎవరినీ నేను మోసం చేయాలనుకోలేదు. నమ్మే చెప్పాను. నమ్మి చెప్పినందుకే బరువు ఇంకా ఎక్కువగా ఉంది. శాంతమ్మను సోమవారం దవాఖానకు తీసుకుపోతున్నాను. తొమ్మిదేళ్ళు ఆలస్యమైన మోకాళ్ళకు అక్కడ ఏం చెప్తారో ఇప్పుడే భయంగా ఉంది. ఈ సీసాల వాళ్ళకు సాయంత్రం ఏం చెప్పాలో ఇంకా భయంగా ఉంది. దేవుడు ఉన్నాడు, అది నేను విడిచిపెట్టను. కానీ ఆయన నోట నేను పెట్టిన మాటలు ఎన్నో ఇప్పుడు లెక్కపెడుతున్నాను. తొట్టి మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపడానికి శాంతమ్మ ఒప్పుకోలేదు.

ఇంట్లో సముద్రపు తొట్టి పెట్టాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు వేడినీళ్ళతో మోచేతిదాకా కడుక్కొని ఆరబెట్టుకోండి, తొట్టికి మూత పెట్టండి, నూనె సీసాను ఆ గదిలోనే ఉంచకండి. ఎవరు ప్రార్థించి ఇచ్చిందైనా సరే.