మదార్‌సాబు ఒట్టు

దూదేకే విల్లు టంయ్ టంయ్ మోత కల్వకుర్తిలో పాతవాళ్ల చెవుల్లో ఇంకా ఉంది. పరుపులు కుట్టే మదార్‌సాబు, తమ్ముడు యాకూబ్ ఆ మోతలోనే పెరిగారు. దూదేకే మిషన్ కొన్న ఏడాది యాకూబ్, ఇక దేనికి పనికొస్తుందని, తండ్రి విల్లును నరికి పొయ్యిలో పెట్టాడు. మదార్‌సాబు అసలే మొండిఘటం. నలుగురి ముందూ అనేశాడు: “అల్లా మీద ఒట్టు! నీ ఇంట్ల మెతుకు ముట్ట.”

గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. పండక్కి మరదలు పంపిన సేమ్యా గిన్నె కూడా వెనక్కే పోయేది. తెలంగాణ వచ్చిన సంబురంలో వాడకట్టంతా కలిసి ఆడినా వీళ్లది ఎడమొహం పెడమొహమే.

ఆ మరుసటేడు యాకూబ్ మంచం పట్టాడు. “అన్నను ఒక్కపూట మా ఇంట్ల తినిపొమ్మనుండ్రి” అని కబురు పెట్టాడు. మదార్‌సాబుకు పోవాలనే ఉంది. దేవుడి పేరున పెట్టిన ఒట్టు తప్పితే ఏమవుతుందోనని భయం. ఇలాంటి ధర్మసందేహాలు తీర్చే పెద్ద ముఫ్తీసాబు ఒక్కరే. పొద్దున్నే పాలమూరు బస్సెక్కాడు.

ముఫ్తీసాబు అంతా విని చాయ్ పక్కన పెట్టారు. “తమ్మునితోని తెంపుకునేటందుకు దేవుని పేరు వాడుకున్నవా? గసొంటి ఒట్టు తప్పాలె. తప్పినంక పదిమంది గరీబులకు రెండు పూటలు కడుపునిండ పెట్టు.”

“రేపే పెడ్త సాబ్. వాళ్లకు పెట్టినంక నిమ్మళంగ తమ్మునింటికి పోత.”

“ఒట్టింక తప్పకనేపాయె, దండుగ దేనికయ్యా? ముందుగాల ఆడ తిను. జల్ది పో!”

మొండివాడు వాయిదా వేస్తున్నాడని ఎంత ఇట్టే పట్టేశారో మహానుభావుడు!

మదార్‌సాబు బస్సు దిగి నేరుగా తమ్ముడింటికే వెళ్లాడు. మరదలు జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. అప్పటికే మాట పడిపోయిన యాకూబ్ తినమని కళ్లతోనే చెప్పాడు. మదార్‌సాబు ఏడుస్తూనే తిన్నాడు. వారం తిరక్కుండానే యాకూబ్ పోయాడు.

ఇప్పుడు ముఫ్తీసాబూ లేరు. ఏటా యాకూబ్ పోయిన నెల వస్తే మాత్రం మదార్‌సాబు ఇంట్లో పదిమందికి పుంటికూర, జొన్నరొట్టె. మొన్న బంతిలో కూర్చున్న పక్కింటి మల్లప్ప ఉండబట్టలేక అడిగాడు: “ముఫ్తీసాబు ఒక్కపారే పెట్టుమన్నరంటివి గద మదారన్నా, ఇంకెన్నేండ్లు పెడ్తవే?”

“గది ఒట్టు తప్పినందుకు. అప్పుడే తీరిపాయె,” అన్నాడు మదార్‌సాబు, రొట్టె వడ్డిస్తూ. “గన్నేండ్లు తప్పకుండ పట్టుకొని కూసుంటిని సూడు, గది ఎంతమందికి పెడ్తె తీరుతది మల్లప్పా?”