పెరట్లో సంగటి

మా అత్త కాలివేలు నా వల్లే పోయిందని ఆమె చుట్టాలు ఇప్పటికీ అంటారు. అననీ. ఆ వేలిని తిన్నది ఆమె గొప్పలే.

పూతలపట్టు దగ్గర సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, డెబ్బైల్లో తిరుపతిలో బట్టలకొట్టు ఉన్న ఇంటికి కోడలినయ్యాను. వచ్చిన వారానికే రాగిసంగటి కెలికాను. పుట్టింట్లో రెండు పూటలా అదే మా తిండి. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"కూలోళ్ళ తిండి మా నడింట్లో తినేదేంది? తినాలనుంటే పెరట్లోకి పో. ఈదిలోవాళ్ళు సూస్తే మాకు తలకొట్టేసినట్టుంటాది."

ఆనాటి నుంచి బట్టలుతికే బండ మీద కూర్చుని తినేదాన్ని. నేను బయటికి పోగానే ఆమె లోపల గడియ పెట్టేది. తొమ్మిదేళ్ళు పెట్టింది. నా మొగుడు ఒక్కనాడూ లేచి తీయలేదు.

ఆమెకు మాత్రం మూడు పూటలా తెల్లన్నం, దానిమీద పప్పు, నెయ్యి. మధ్యాహ్నం నిద్ర లేస్తే మైసూర్‌పాక్. పుల్ల తీసి పక్కన పెట్టని ఒళ్ళు! ఆ ఒంటికి షుగరొచ్చింది. చెప్పు కరిచిన పుండు కుడికాలి చిటికెనవేలి మీద నెల దాటినా మానలేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది.

"అమ్మా, తిన్నది చక్కెరై రక్తంలో కలుస్తుంది. దాన్ని ఒంటికి పట్టించేది ఇన్సులిన్. పూటపూటకీ ఇంతింత అన్నం తింటే అది ఎన్నాళ్ళని సర్దుతుంది? మాత్రలు మానొద్దు. అన్నం తగ్గించి ఒక్క ముద్ద సంగటి, ఆకుకూర ఎక్కువగా తినండి. లేదంటే ఆ వేలు నిలవదు."

సంగటి అనే మాట వినగానే అత్త నా వైపు చూసింది, నేనే డాక్టరమ్మకు నేర్పించి తెచ్చినట్టు.

మర్నాడు ముద్ద చేసి పళ్ళెంలో పెట్టాను. చేత్తో నెట్టేసింది.

"నన్ను కూలిదాన్ని సేస్తావా? సచ్చినా తినను."

నా మొగుడు "పెద్దామెను బలవంతం సెయ్యొద్దులే" అని తనే గిన్నెడు అన్నం వడ్డించాడు. వేలు పోతుందని నాకూ భయంగానే ఉండింది. వారం రోజులు బతిమాలాను, తిట్లు తిన్నాను. ఎనిమిదో రోజు నుంచి మానేశాను.

రెండు నెలలకు వేలు నల్లబడింది. తీసేశారు.

కట్టుతో ఇంటికొచ్చిన రోజే అత్త నన్ను దగ్గరికి పిలిచింది. గొంతు బాగా తగ్గించింది.

"సంగటి సెయ్యి. పెరట్లో పెట్టు. తలుపెయ్యి, ఎవురన్నా సూస్తారు."

వేలు పోయినా ఆ సిగ్గు మాత్రం పోలేదు. రెక్క పట్టి నడిపించి, ఆ బండ మీదే కూర్చోబెట్టి, ముద్ద, ఆకుకూర పెట్టాను. లోపలికొచ్చి గడియ పెట్టాను. నడింట్లో కూర్చుని తెల్లన్నం వడ్డించుకున్నాను.

సగం తినేసరికి పెరట్లోంచి పిలిచింది.

"ఏమే, లేపవే, లెయ్యలేకుండా ఉండాను."

మళ్ళీ పిలిచింది. నేను పెరుగన్నం కలుపుకున్నాను. ఆ పూట తిన్నంత తృప్తిగా ఆ ఇంట్లో ఎప్పుడూ తినలేదు. తిని, పళ్ళెం కడిగి బోర్లించి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు పోయి గడియ తీశాను.