మా అక్క, బస్టాండు రోడ్డు

మొన్న మధ్యాహ్నం మా వీధిలోకి మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. మున్సిపల్ ఎన్నికల హడావుడి. "మీ ఇంటి ఆడపడుచు, మన వార్డు ఆడబిడ్డ" అంటూ ఒకమ్మాయి పేరు సాగదీసి చెబుతున్నారు. ఆటోకు కట్టిన ఫ్లెక్సీలో ఆ అమ్మాయి ఫోటో కంటే పక్కనున్న మొగుడి ఫోటోనే పెద్దది. నవ్వొచ్చి, చూద్దువుగాని రమ్మని అక్కను కేకేశాను. అక్క వంటింట్లోంచి వచ్చింది గానీ వీధి వైపు చూడలేదు. నేను నిలబడిన కిటికీ రెక్కలు రెండూ దగ్గరికి వేసి గడియ పెట్టింది. కరెంటు లేదు, బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. "ఉడికిపోతామే" అన్నాను. "ఆ ఆటో పోనీ, మళ్లా తీస్తాలే" అంది. బావ పోయినాక అక్క నా దగ్గరే ఉంటోంది. ఒకప్పుడు ఈ ఊళ్లో అలాంటి ఫ్లెక్సీల మీద దండం పెడుతూ నిలబడింది తనే. ఈ మున్సిపాలిటీకి మా అక్క చైర్‌పర్సన్‌గా చేసింది. ఊరి పేరు మాత్రం రాయను, రాస్తే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు.

మాది తర్లుపాడు పక్క పల్లె. మా నాయన పలకల గనిలో రాయి చీల్చే పని చేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మల మీద కూడా బూడిదరంగు పొడి ఉండేది. ఆదివారం మాత్రం తలకు నూనె రాసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, చర్చిలో అందరికంటే గట్టిగా, అందరికంటే శ్రుతి తప్పి పాడేవాడు. అక్కకు ఆయన గొంతే వచ్చింది. పెళ్లయి ఈ ఊరి కాలనీలో కాపురం పెట్టాక రవికలు కుట్టి సంసారానికి చేదోడుగా ఉండేది. కొళాయి దగ్గర గొడవైతే మిషను మీంచి లేచి వెళ్లేది. అక్క ఒక్క కేక పెడితే బిందెలు వాటంతటవే వరుసలో నిలబడతాయని బావ అనేవాడు.

ఆ గొంతు సంగతి పార్టీవాళ్ల దాకా పోయినట్టుంది. చైర్‌పర్సన్ పదవి ఆ దఫా మా వాళ్లలో ఆడవాళ్లకు రిజర్వు అయింది. ఒక ఉదయం పార్టీ పెద్దాయన కారు కాలనీలోకి వచ్చింది. ఊళ్లో సగం పొలాలూ, కౌన్సిలర్లలో సగం మందీ ఆయన చేతిలో ఉండేవాళ్లు. అక్కవాళ్లింట్లో ఉన్నవి రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఆయన కూర్చున్నాడు, రెండోదాంట్లో ఆయన ఫోన్లు పెట్టుకున్నాడు. "నాకేం తెలుసు సార్?" అంది అక్క. "నీకు తెలియాల్సిన పన్లేదమ్మా, మేముండాం కదా" అన్నాడాయన. అక్క ఇంకా ఆలోచిస్తుండగానే బావ సరేనన్నాడు.

వార్డులో అక్కను ఇల్లిల్లూ తిప్పింది మాత్రం పెద్దాయన కాదు, దోశల పెద్దమ్మ. మాకు చుట్టం కాదు, మతమూ కులమూ వేరే. అయినా కాలనీ మొత్తానికి ఆమె పెద్దమ్మే. బస్టాండు రోడ్డులో చిన్న రేకుల బంకులో దోశలు పోసేది. ఆమె ఎర్రకారం దోశ కోసం గిద్దలూరు బస్సు డ్రైవర్లు ఒక నిమిషం ఎక్కువే ఆపేవారు. అక్క ఈ ఊరికి కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, ఇంట్లో ఏమీ లేని పూట "పాపా" అని పిలిచి తినబెట్టిన మనిషి. ఎన్నికలప్పుడు పెద్దమ్మ మధ్యాహ్నానికల్లా పొయ్యి ఆర్పేసి, కొంగు నడుముకు దోపుకుని బయల్దేరేది. ప్రతి గడపలోనూ ఒకటే మాట: "ఇది నా బిడ్డ. ఓటు దీనికెయ్యకపోతే రేపట్నుంచి నా బంకు కాడికి రావద్దు." ఆ బంకులు తీసేస్తారని అప్పటికే ఊళ్లో ఒక పుకారు ఉండేది. అక్క పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "నేనున్నంత వరకూ ఒక్క బంకునూ కదలనీను" అంది. ఎవరూ అడగకుండానే అంది.

గెలిచింది. చైర్‌పర్సన్ కూడా అయింది. అప్పటిదాకా మాకు లేని చుట్టాలంతా ఎక్కడెక్కడి నుంచో దిగారు. అర్ధవీడు నుంచి ఒకాయన వచ్చి, తను అక్కకు మేనమామ వరస అవుతానని గంటసేపు చెప్పి, చివరికి కొడుక్కి ఉద్యోగం అడిగాడు. చర్చిలో మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. నాయన ఇంకా గట్టిగా పాడాడు. నేను పాఠాలు చెప్పే స్కూల్లో హెడ్మాస్టరు నాకు ఎదురొచ్చి నమస్కారం పెట్టేవాడు. అక్క మొదట్లో బాగానే పనిచేసింది. కాలనీకి మురుగుకాలవ వేయించింది, ఆగిపోయిన వీధిదీపాలు వెలిగించింది. సంతకం పెట్టమని తెచ్చిన ప్రతి కాగితాన్నీ వేలు పెట్టి చదువుతుంటే ఆఫీసువాళ్లు విసుక్కునేవారట. ఆ మాట నాకు ఎంత గర్వంగా చెప్పేదో!

మూడో ఏట బస్టాండు రోడ్డు వెడల్పు చేసే తీర్మానం వచ్చింది. రోడ్డు ఇరుకన్నది నిజమే, ఆ మాట బంకులవాళ్లూ ఒప్పుకునేవారు. ముందు వాళ్లకు ఇంకోచోట స్థలం చూపించి, తర్వాత తీయిద్దామంది అక్క. పెద్దాయన ఇంటికి పిలిపించి నెమ్మదిగానే చెప్పాడట: "స్థలం సంగతి మళ్లా చూద్దాం. నువ్వు సంతకం పెట్టకపోతే అవిశ్వాసం పెట్టేదానికి మనోళ్లు రెడీగా ఉండారు. నీ ఇష్టం." అక్క రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు సంతకం పెట్టింది. చాలా ఏళ్ల తర్వాత నాతో అంది: "బావ చెప్పినాడని కాదే, పెద్దాయన బెదిరించినాడని గూడా కాదు. ఆ కుర్చీ నాకు బాగుండింది. పోతాదని భయమేసింది."

బంకులు తీసే రోజున నువ్వు ఊళ్లో ఉండొద్దని పెద్దాయన మనుషులే అక్కకు చెప్పారు. గిద్దలూరులో పార్టీవాళ్ల ఇంట్లో పెళ్లి ఉంది, అక్కడికి పంపారు. తోడుగా నన్ను రమ్మంది. పందిట్లో మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టారు, పన్నీరు చల్లారు, ఫోటోలు తీశారు. భోజనాల దగ్గర విస్తరి పక్కన పెట్టిన అక్క ఫోను వణకడం మొదలైంది. పెద్దమ్మ పేరు. ఆగి, మళ్లీ పెద్దమ్మ పేరే. అక్క ఆ ఫోన్ని బోర్లా తిప్పింది. వడ్డించేవాళ్లు బొబ్బట్టు మీద నెయ్యి పోస్తుంటే "చాలు, చాలు" అంటూ నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను తల వంచుకుని తిన్నాను.

తిరుగు ప్రయాణంలో ఊరు దగ్గర పడుతుండగా అక్క డ్రైవర్ని బస్టాండు రోడ్డు మీదుగా పోనిమ్మంది. పొక్లెయిను అప్పటికే వెళ్లిపోయింది. రోడ్డు పొడవునా వంగిపోయిన రేకులు, విరిగిన బల్లలు. పెద్దమ్మ తన సామానంతా ఒకచోట చేర్చుకుని, పెనాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కారు నెమ్మదించింది. అద్దాలు నల్లవి, లోపలున్నది ఎవరో కనబడదు. కానీ ఊళ్లో ఆ కారు ఎవరిదో తెలియనివాళ్లెవరు? పెద్దమ్మ పెనం పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడి, రెండు చేతులూ జోడించింది. తిట్టలేదు, మన్ను పోయలేదు. అధికారి కారు పోతుంటే జనం పెట్టే దండం అది. అక్క తలుపు పిడి మీద చెయ్యి వేసింది గానీ తెరవలేదు. "పోనీ నాయనా" అంది డ్రైవర్‌తో.

వారం తర్వాత ధైర్యం చేసి ఆమె ఇంటికి వెళ్లింది. నేనూ వెళ్లాను. పెద్దమ్మ పీట తుడిచి వేసింది, టీ పెట్టి ఇచ్చింది. "కూర్చోండి మేడం" అంది.

"ఏంది పెద్దమ్మా, నన్ను మేడం అంటావు?"

"అనాల గదా. చైర్‌పర్సన్ గదా మీరు."

మున్సిపాలిటీవాళ్ల కొత్త కాంప్లెక్సులో గది ఇప్పిస్తానని అక్క ఏదో చెప్పబోయింది. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "గదులు వద్దు మేడం. ఆ పొద్దు మీరొచ్చి, నేనే తీయిస్తన్నా పెద్దమ్మా, నాకు తప్పదు అని మొగం మీద చెప్పింటే, నా పెనం నేనే దించుకుని పోయిందును. మీరు పెండ్లి కూడు తినేదానికి పోయినారు." అక్క టీ తాగలేకపోయింది. తాగకుండా పెడితే ఆమె నొచ్చుకుంటుందని మళ్లీ తాగింది.

తర్వాతి కౌన్సిల్ సమావేశంలో అక్క లేచి, బంకులవాళ్లకు పాత గోడౌను పక్క స్థలం ఇవ్వాలని తీర్మానం పెట్టింది. అధికారుల మీద నెపం వేసుకునే దారి ఉన్నా వేసుకోలేదు. "సంతకం పెట్టింది నేను. పెట్టి దాక్కున్నా. ఆ సిగ్గు నాది" అందట అందరి ముందూ. పెద్దాయన మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెల తిరక్కుండా అవిశ్వాసం వచ్చింది. కౌన్సిలర్లందరినీ బస్సెక్కించి ఎక్కడో హోటల్లో దాచారు. పెద్దమనుషులు స్కూలు పిల్లల్లా ఫోన్లు అప్పగించి విహారయాత్రకు వెళ్లి, చేతులెత్తే రోజుకి ఎండకు నల్లబడి తిరిగొచ్చారు. అక్క ఓడిపోయింది. కారు పోయింది, చుట్టాలు పోయారు, చర్చిలో మేం వెనక బెంచీకి వచ్చాం. నాయన గొంతు మాత్రం తగ్గించలేదు. బావ చాలా రోజులు అక్కతో మాట్లాడలేదు.

గోడౌను పక్క స్థలం తర్వాతి ఎన్నికల్లో వచ్చిన చైర్మన్ ఇచ్చాడు, తన పేరు మీద శిలాఫలకం వేయించుకుని. పెద్దమ్మకూ చోటు దక్కింది. కానీ అప్పటికి ఆమెకు మోకాళ్లు పనిచేయలేదు, పొయ్యి ముందు నిలబడలేకపోయింది. అక్క ప్రతి వారమూ వెళ్లేది. కాళ్లకు నూనె రాసేది, నీళ్లు పట్టిపెట్టేది. పెద్దమ్మ వద్దనలేదు, ప్రేమగానే మాట్లాడేది. కానీ మేడం అన్న పిలుపు మార్చలేదు. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో, మనుషుల్ని గుర్తుపట్టడం కష్టమైనప్పుడు కూడా అక్కను చూసి, "ఎందుకొచ్చినారు మేడం, మీకు పనులుంటాయి" అంది. అక్క వరండాలోకి వచ్చి గోడకు తల ఆనించి ఏడ్చింది. పాపా అని ఒక్కసారి పిలిస్తే చాలనుకుంటూ వచ్చిందట అన్నాళ్లూ.

ఇప్పుడు బస్టాండు రోడ్డు విశాలంగా ఉంది. బస్సులు ఒకదాన్నొకటి రాసుకోకుండా తిరుగుతున్నాయి. అక్కడ ఒకప్పుడు బంకులుండేవని నా దగ్గర చదువుకునే పిల్లలకు తెలియదు. కూరగాయలకు వెళ్తే అక్కను ఎవరో ఒకరు గుర్తుపట్టి ఇప్పటికీ "బాగున్నారా మేడం" అంటారు, మర్యాదగానే. అక్క తల వంచుకుని సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటుంది. కొన్నేళ్లు గడిస్తే సిగ్గు దానంతటదే పలచబడుతుందని నేను అనుకున్నాను. అది మా ఇంట్లో మాతోపాటే ఉంటూ, మాతోపాటే వయసు పెంచుకుంటోంది.