ఐలమ్మ కొంగులో చింతగింజలు

శనివారం పొద్దున ఎనిమిది దాటిందంటే మెదక్ బస్టాండు వెనక గల్లీలోకి ఐలమ్మ బయలుదేరిందన్నమాటే. ఎడమ భుజానికి గుడ్డసంచి, కుడిచేతిలో కర్ర, కొంగు ముడిలో ముప్పై ఎనిమిది చింతగింజలు. ఎవరినీ పేరు పెట్టి పిలిచేది కాదు. గడప మీద కర్రతో రెండుసార్లు తట్టేది. లోపలి నుంచి ఎవరో ఒకరు డబ్బా పట్టుకొచ్చి బియ్యం ఆమె సంచిలో పోసేవారు. వంట చేసిన ప్రతిసారీ, ఎసట్లో పోయకముందే దేవుడి పేరున తీసిపెట్టిన పిడికెడు బియ్యం అది. ఒక ఇల్లు కాగానే ఒక గింజ కొంగులోంచి బొడ్లో దోపుకున్న వక్కల సంచిలోకి మారేది. గల్లీ చివరికొచ్చేసరికి కొంగులో గింజ మిగిలిందా, ఎవరింట్లోనో జ్వరమో, గొడవో, చావో వచ్చిందని అర్థం. ఆ ఇల్లు వెతుక్కుంటూ వెనక్కి పోయేది. సగం బియ్యం పాస్టరు గారి ఇంటికి, మిగతా సగం ఆ మిగిలిన గింజ వాళ్ళింటికి.

ఐలమ్మకు అక్షరం ముక్క రాదు. ఆడపిల్లల హాస్టల్లో ఇరవై రెండేళ్ళు వంట చేసింది. టేక్మాల్ వైపు పల్లెలో పుట్టినప్పుడు అమ్మానాన్నలు ఊరి దేవుడి మీద పెట్టిన పేరును బాప్తిస్మం నాడు మార్చుదామంటే ఒప్పుకోలేదు. కొత్త పేరుతో పిలిస్తే పలకడం మరిచిపోతానని చెప్పిందట. భర్త దేవదానం పోయాక ఆమెకు మిగిలింది ఒక గది, రెండు అరిగిపోయిన మోకాళ్ళు, గది నుంచి నలభై అడుగుల దూరంలో ఉన్న రేకుల మందిరం.

ఊరికొచ్చినవాళ్ళంతా పెద్ద చర్చి చూసి, ఫోటోలు దిగి వెళ్ళేవారు. ఈ రేకుల మందిరం సంగతి గల్లీ వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. సికింద్రాబాదులో ఆఫీసు ఉన్న ఒక చిన్న మిషన్‌ది అది. చాపలు సర్ది కూర్చుంటే అరవై డెబ్భై మంది పడతారు. వానొస్తే ప్రసంగం ఆగిపోతుంది, రేకుల చప్పుడుకు ఏమీ వినపడదు. అప్పుడు ఐలమ్మ పాట ఎత్తుకునేది. వాన కన్నా ఆమె గొంతే పెద్దది.

లెక్కలంటే ఆ గల్లీలో ఎవరి లెక్క వారిది. నర్సింగం భజన మండలి ఫ్లెక్సీ మీద సభ్యులు వెయ్యి మంది. తాళాలు మాత్రం ఏడు జతలు. చాయ్ హోటల్ ఫక్రుద్దీన్ వాళ్ళ మసీదు కమిటీ ఏటా పెట్టే జల్సా సభ కరపత్రంలో అయిదు వేల మంది వస్తారని వేసేది. తెప్పించే చాపలు ముప్పై. ఒకరి అంకె మీద ఒకరు చాయ్ తాగుతూ నవ్వుకునేవారు, ఎవరూ ఎవరినీ నిలదీసేవారు కాదు. మందిరానికైతే మూడు లెక్కలుండేవి. 2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలకు వచ్చిన టీచరు ముందు, క్రైస్తవులని రాయిస్తే పిల్లల కులం సర్టిఫికెట్లు పోతాయన్న భయానికి సగం ఇళ్ళవాళ్ళు మతం గడిలో వేరే మాట రాయించారు. అందుకని సర్కారు లెక్కలో వాళ్ళు తక్కువ. సికింద్రాబాదు ఆఫీసు లెక్కలో చాలా ఎక్కువ. ఐలమ్మ కొంగులో మాత్రం ఉన్నంతే.

ఆఫీసు లెక్క పెరిగిన కథ పాతికేళ్ళది. మొదటి పాస్టరు పోస్టుకార్డు మీద నలభై కుటుంబాలని రాసి పంపాడు. అది నిజమే. తర్వాత అచ్చేసిన ఫారాలు వచ్చాయి. అందులో పోయిన ఏటి సంఖ్యకు ఒక గడి, ఈ ఏటి సంఖ్యకు ఒక గడి, వృద్ధి శాతానికి ఇంకో గడి. మూడో గడి ఖాళీగా పంపితే ఉత్తరం వచ్చేది. దాంతో పాస్టర్లు ఏటా మూడు రోజుల ప్రార్థన కూడికలు పెట్టి, చేతులెత్తిన వాళ్ళనల్లా కొత్త కుటుంబాల కింద రాయడం మొదలుపెట్టారు. ఆటో ఎల్లం పదకొండేళ్ళు వరసగా చేయెత్తాడు. మనశ్శాంతి కావాలనుకునేవాళ్ళు చేయెత్తమని అడిగితే, ఆటో నడిపేవాడు ఎత్తక ఏం చేస్తాడు? అలా ఎల్లం ఒక్కడే ఆఫీసు రిజిస్టరులో పదకొండు కుటుంబాలయ్యాడు. చనిపోయినవాళ్ళను కొట్టేసే గడి ఫారంలో లేదు. పెళ్ళయి రామాయంపేట పోయిన ఆడపిల్లలు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

రిచర్డ్ పాస్టరుగా వచ్చేనాటికి ఆ అంకె నూట తొంభై ఆరు. మొదటి శనివారం ఐలమ్మ వెంట గల్లీ తిరిగాక అతనికి రాత్రి నిద్ర పట్టలేదు. కానీ తగ్గించి రాయడమంటే ముందున్న నలుగురినీ అబద్ధాలకోరులను చేయడమే. భార్య కడుపుతో ఉంది, ఉద్యోగం కొత్తది. మూడేళ్ళలో అతనూ కొద్దికొద్దిగా కలిపి రెండు వందల పద్నాలుగుకు తెచ్చాడు.

ఆ రెండు వందల పద్నాలుగు తిరిగొచ్చి మందిరం మీదే పడింది. అదే ఏడు సెప్టెంబరులో ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఇంత పెద్ద సంఘానికి ఆ రేకుల గది ఏం చాలుతుంది? దాన్ని అమ్మేసి రామాయంపేట రోడ్డులో, ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల అరెకరంలో పెద్ద మందిరం కడతారట. గల్లీ స్థలంలో షాపింగ్ కాంప్లెక్స్ కట్టడానికి ఒక బిల్డరు సిద్ధంగా ఉన్నాడు. కార్యదర్శి లాజరు గారు వచ్చే ఆదివారం స్వయంగా వచ్చి, సంఘాన్ని కళ్ళారా చూసి, ఖాయం చేసి పోతారు.

రిచర్డ్ ఆ ఉత్తరం చదివి వినిపించినప్పుడు ఐలమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మోకాళ్ళు చూసుకుంది. తనలాంటి ముసలివాళ్ళు ఆ గల్లీలో పన్నెండు మంది. నాలుగు కిలోమీటర్లంటే వాళ్ళకు ఆదివారం లేనట్టే.

“సార్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి అయ్యగారూ,” అంది చివరికి.

“చెప్తే నా నౌకరి పోతది అవ్వా.”

“చెప్పకపోతే మందిరం పోతది.”

ఐలమ్మకు రిచర్డ్ మీద కోపం రాలేదు, అదే ఆమెకు చిరాకు. కోపమొస్తే తానే ఆఫీసుకు ఫోన్ చేయించేది. “నేనైతే ముందుగాల నోరు తెరవ. మీ నోటితోనే రావాలె,” అని చేట తీసుకొని లేచి వెళ్ళింది. ఆదివారం ప్రసంగంలో చెప్తానని రిచర్డ్ మాటిచ్చాడు.

అయితే ఐలమ్మ నోరు ఒక్కచోట జారింది. శనివారం నర్సింగం ఇంటి ముందు ఆగి, అతని భార్య రామమ్మతో బాధ చెప్పుకుంది. రేపు పెద్ద సారు వచ్చి జనాన్ని చూస్తాడట, మందిరం పోయేలా ఉందట. ఇంతే చెప్పింది. అరుగు మీద కూర్చున్న నర్సింగం మిగతాది తానే ఊహించుకున్నాడు.

అవి తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. ఊరంతా రోడ్ల మీదే ఉండేది. రోజుకో కులం వాళ్ళు, రోజుకో వృత్తి వాళ్ళు దీక్షా శిబిరంలో కూర్చునేవారు. ఏ టెంటులో జనం పలచబడ్డా కబురొచ్చేది, గల్లీ గల్లీ లేచి పోయి నింపేది. జనం తక్కువైతే టెంటు పీకేస్తారన్నది ఆ నెలలో అందరికీ ఒంటబట్టిన సత్యం. నర్సింగానికీ అంతే అర్థమైంది. జనం లేరని మందిరం మూసేస్తారన్నమాట. సాయంత్రం ఫక్రుద్దీన్ హోటల్లో కూర్చుని ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఐలమ్మ మందిరం ఖాళీగా కనిపిస్తే గల్లీ ఇజ్జత్ ఏం కావాలి?

ఆదివారం లాజరు గారు రాస్తారోకోలు తప్పించుకుంటూ కారులో దిగేసరికి మందిరంలో కాలు పెట్టే సందు లేదు. భజన మండలి మొత్తం తాళాలు ఇంట్లో పెట్టి వచ్చి ముందు వరసలో బుద్ధిగా కూర్చుంది. ఫక్రుద్దీన్ హోటల్ మూసి, కొడుకు ఫుర్ఖాన్‌ను, నలుగురు తమ్ముళ్ళను వెంటబెట్టుకొచ్చి గోడవారగా నిలబడ్డాడు. ఎల్లం ఆటోస్టాండు వాళ్ళందరినీ తెచ్చాడు. కిటికీల బయట, గల్లీ మలుపు దాకా జనమే. కొందరి మెడల్లో దీక్షా శిబిరం కండువాలు అలాగే ఉన్నాయి. లాజరు గారి ముఖం వెలిగిపోయింది. ఐలమ్మ ఆ పన్నెండు మంది ముసలివాళ్ళతో కలిసి ఎక్కడో మూలకు నెట్టబడి ఉంది, తన మందిరంలో తనకే చాప దొరకలేదు.

రిచర్డ్ ప్రసంగం ఎత్తుకున్నాడు, మూడుసార్లు నీళ్ళు తాగాడు, చెప్పవలసిన మాట చెప్పకుండానే ముగించాడు. లాజరు గారు లేచి దేవునికి స్తోత్రం చెప్పి, ఈ సంఘానికి చెందినవారంతా ఒక్కసారి చేతులెత్తమని అడిగారు. గది నిండా చేతులు లేచాయి. అందరికన్నా ముందు ఎల్లం చేయి. గోడవార ఫక్రుద్దీన్ చేయి కూడా సగం దాకా లేచింది.

ఆయన డైరీ తీసి రాసుకుంటుండగా సాక్ష్యాల వేళ అయింది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకునే సమయం. ఐలమ్మ కర్ర ఊని లేచింది. రిచర్డ్ వైపు చూసింది. అతను కళ్ళు దించుకున్నాడు. ఇక ఆగి లాభం లేదనుకుంది.

“ఎల్లా, చెయ్యి దించు,” అంది ముందుగా, ఇంకా ఎత్తే ఉంచిన ఎల్లంను చూసి.

అక్కడక్కడా నవ్వులు లేచాయి.

“సార్, వీళ్ళంత మావోళ్ళే. కష్టమొస్తే మొదలు ఉరికొచ్చేటోళ్ళు. నాకోసం వచ్చిండ్రు, గంతే. గీ నర్సింగం మీద నాకు ఇయ్యాల ఎంత ప్రేమ ఉన్నదో అంత కోపం ఉన్నది.” కొంగు ముడి విప్పి గింజలు లాజరు గారి ముందు బల్ల మీద పోసింది. “వారం వారం బియ్యం పోసే ఇండ్లు ఇవి. ముప్పై ఎనిమిది. గింతమందికి ఈ రేకులు చాలు సార్. అవతల పెద్దగ కడితే, కట్టినోళ్ళే కూసోవాలె.”

తాను చేసిన ఘనకార్యం నర్సింగానికి అప్పుడు అర్థమై నాలుక కరుచుకున్నాడు. లాజరు గారు గింజల వైపు, జనం వైపు, రిచర్డ్ వైపు చూశారు.

“పాస్టరు గారూ, ఈమె చెప్పేది నిజమేనా?”

“నిజమే సార్,” అన్నాడు రిచర్డ్. “మొదలుపెట్టింది నేను కాదు. కానీ నేనూ కలిపిన. మూడేండ్లు కలిపిన.”

ప్రార్థన అయ్యాక లాజరు గారు ఫక్రుద్దీన్ చేత హోటల్ తెరిపించుకొని చాయ్ తాగారు. ఒకటి కాదు, మూడు కప్పులు. తమ మిషన్‌కు అలాంటి మందిరాలు అరవై ఉన్నాయని, ఆ ఫారాలన్నీ కూడి పెద్ద అంకె వేసేది తానేనని ఆయన రిచర్డ్‌తో అన్నారట. కారెక్కేటప్పుడు ఐలమ్మను పిలిచి, ఒక చింతగింజ అడిగి జేబులో వేసుకున్నారు. ఆమె వెంటనే ఇంట్లోంచి ఇంకోటి తెచ్చి ముడిలో వేసుకుంది, లెక్క తప్పకుండా.

మందిరం అమ్మలేదు. ముప్పై ఎనిమిది కుటుంబాలకు అరెకరం ఎందుకని ఆఫీసే వెనక్కి తగ్గింది. రిచర్డ్‌కు ఘాటైన ఉత్తరం ఒకటి వచ్చింది, ఉద్యోగం మాత్రం ఉంది. ఆ ఏటి ఫారంలో అతను పోయిన ఏడు రెండు వందల పద్నాలుగు, ఈ ఏడు ముప్పై ఎనిమిది అని రాసి పంపాడు. అంకె పొరపాటుగా పడినట్టుంది, సరిచేసి పంపగలరని ఫారం తిరిగొచ్చింది. సరిగానే ఉందని రాసి మళ్ళీ పంపాడు.

రెండేళ్ళకు ఐలమ్మ మంచం పట్టింది. తెలంగాణ వస్తుందని ఢిల్లీ నుంచి కబురొచ్చి ఊరంతా పటాకులు కాల్చిన రోజులవి. ఆ మోతకు ఉలిక్కిపడి, శనివారం వచ్చిందా అని అడిగేది. శనివారం రాగానే కొంగు ముడి విప్పి గింజలు రిచర్డ్ అరచేతిలో పోసి, వక్కల సంచి కూడా ఇచ్చింది. సంచి భుజాన వేసుకొని అతను బయలుదేరాడు. సంఘంలో ప్రతి ఇల్లూ అతనికి తెలుసు. అన్నీ తిరిగాడు. గల్లీ చివర నిలబడి చూసుకుంటే చేతిలో ఒక గింజ మిగిలింది.

ఎవరిని మరిచాడో ఎంత ఆలోచించినా తట్టలేదు. పేరు పేరునా వేళ్ళ మీద లెక్కబెట్టి చూస్తే సంఘంలో ఉన్నవి ముప్పై ఏడే ఇళ్ళు. వెనక్కి నడుస్తుంటే పసుపు రాసిన ఒక గడప మీంచి రామమ్మ పిలిచింది.

“మా ఇల్లు దాటి పోతున్నవేంది అయ్యగారూ?” ఆమె చేతిలో డబ్బా ఉంది. లోపల నర్సింగం తాళం వేస్తూ భజన పాట సాధన చేస్తున్నాడు. “మా పిల్లకు కామెర్లయినప్పుడు ఐలక్క నెల దినాలు గంజి కాసి తెచ్చింది. గప్పటిసంది తీసిపెడుతున్న. పద్దెనిమిదేండ్లాయె. అక్క ఏనాడూ వద్దనలే.”

రిచర్డ్ సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. బియ్యం పడ్డాయి. చివరి గింజను వక్కల సంచిలో వేసుకున్నాడు. సరిగానే ఉందని ఆఫీసుకు రాసిన ముప్పై ఎనిమిది గుర్తొచ్చి, నవ్వు ఆపుకోలేకపోయాడు.

గదిలో ఐలమ్మ కళ్ళు మూసుకొనే ఉంది. అడుగుల చప్పుడు విని, ఏమన్నా మిగిలాయా అని అడిగింది.

“ఏం మిగలలే అవ్వా,” అన్నాడు రిచర్డ్. “అందరున్నరు.”