బావ ట్యాంకులో నా పచ్చిక సాగు

సముద్రం పక్కనే పుట్టి, ఆ గాలే పీల్చి పెరిగినవాడు అద్దాల పెట్టెలో ఉన్న ఓ బుల్లి సముద్రాన్ని ఎంత శ్రద్ధగా సర్వనాశనం చెయ్యగలడో తెలుసుకోవాలంటే మీరు నా దగ్గరికే రావాలి. ఈ విద్యలో నాకు సాటివచ్చేవాడు విశాఖపట్నం మొత్తంలో ఇంకొకడు ఉండడు. ఉంటే పరిచయం చెయ్యండి, కాస్త ధైర్యంగా ఉంటుంది.

మా ఆవిడ నూకరత్నానికి అన్నయ్య అప్పలరాజు. అంటే నాకు బావ. సరుకు ఓడల్లో ఇంజిను పని. కూర్మన్నపాలెంలో అద్దెకున్న ఇంటి ముందుగదిలో ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టి, అందులో ప్రాణమున్న పగడాలనీ ఓ జంట నారింజరంగు చేపలనీ పెంచుతున్నాడు. పెళ్ళీ పెటాకులూ లేనివాడు కాబట్టి సంసారమంటే అతనికి అదే. ఓడెక్కేముందు ఇంటి తాళం నా చేతిలో పెట్టి, చేపలకి రోజూ చిటికెడు మేత వెయ్యమన్నాడు. నీళ్ళు తగ్గితే క్యానుల్లో శుద్ధి చేసి ఉంచిన నీళ్ళు పొయ్యమన్నాడు. ఇంకేమీ చెయ్యొద్దన్నాడు. ఆ చివరిమాట నన్ను శ్రమపెట్టడం ఇష్టంలేక, మర్యాదకి అన్నాడనుకున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను ఉక్కునగరంలో ఉంటాను. ఫ్యాక్టరీలో యంత్రాలకి పట్టిన తుప్పు వదిలించి రంగు వేయించడం నా పని. రోజంతా తుప్పు చూసీ చూసీ, పెళ్ళిభోజనంలో అప్పడం మీద మాడిన మచ్చ కనిపించినా గోకబుద్ధేస్తుంది. అలాంటివాడు ట్యాంకులోకి తొంగిచూశాడు. రాళ్ళ నిండా ఊదారంగు పెచ్చులు! అద్దం మీద కూడా అక్కడక్కడా అవే మచ్చలు.

ట్యాంకుకి ఏదో నాచుజబ్బు తగులుకుందని నూకరత్నానికి చెప్పాను. తనొచ్చి చూసి, జబ్బులా లేదు, బాగానే ఉందంది. తుప్పు గురించి తనకేం తెలుసులే అని జాలిపడ్డాను.

డ్యూటీ దిగి రావడం, చొక్కా చేతులు మడవడం, కొత్త టూత్‌బ్రష్షూ గీకుడుబిళ్ళా పట్టుకుని నీళ్ళలోకి దిగడం. నేనంటే నేను కాదు, నా చేతులు. చేపలు రెండూ ఓ మూల నక్కి, ఇళ్ళు పడగొట్టే పొక్లెయిన్‌ని చూసినట్టు నన్ను చూసేవి. చివరికి రాళ్ళన్నీ పళ్ళపొడి ప్రకటనలో పళ్ళలా తెల్లగా తేలాయి.

ఆ తెల్లటి రాళ్ళ మీద కొన్నాళ్ళకి లేతపచ్చగా నూగు మొలిచింది. నా ఆనందం ఏం చెప్పమంటారు. జబ్బు పోయింది, చిగురేస్తోంది! దానికి వెలుతురు చాలదేమోనని లైటు పగలూ రాత్రీ వెలిగించే ఉంచాను. బెదిరిపోయిన చేపలు చిక్కిపోతాయని చిటికెడు మేతని గుప్పెడు చేశాను. క్యానుల్లో నీళ్ళు అయిపోతే కుళాయి నీళ్ళు పోశాను. ఇంకేం, ట్యాంకు నారుమడైపోయింది. సముద్రంలోంచి బావ ఫోన్ చేసినప్పుడల్లా అంతా పచ్చగా ఉందని చెప్పేవాణ్ణి. ఒక్క ముక్క అబద్ధం లేదు, చూసుకోండి.

బావ పోర్టు నుంచి సరాసరి ఇంటికే వచ్చాడు. వెంట అదే ఓడలో పనిచేసే ఇద్దరు స్నేహితులు. ఊదారంగు రాళ్ళ గురించి ప్రయాణమంతా వాళ్ళ చెవులు ఊదరగొట్టి, చూపిస్తానని తీసుకొచ్చాడట. నేను పెళ్ళికొడుకు తండ్రిలా ట్యాంకు పక్కన నిలబడ్డాను. బావ ఒక కాలి బూటు విప్పి, రెండోది విప్పడం మర్చిపోయాడు.

"ఊదా ఏదీ?" అన్నాడు.

"గోకీసినాను బావా. ఒక్క మచ్చ ఒగ్గనేదు."

"మరి ఇదేటి?"

"పెంచినాను."

స్నేహితుల్లో ఒకాయనది ఆనందపురం దగ్గర వ్యవసాయ కుటుంబం. ఆయన వంగి, అద్దంలోంచి చాలాసేపు చూసి, ఎంతో గౌరవంగా అడిగాడు: "గడ్డి బాగా దిగింది. మేకనెప్పుడు దింపుతారు?"

బావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీలో కూలబడి, మెల్లగా చెప్పాడు. ఆ ఊదా పెచ్చు కూడా నాచేనట, కానీ మంచి నాచట. అది రాళ్ళకి పట్టిందంటే ట్యాంకు కుదురుకున్నట్టేనట. దాని కోసం అతను ఏళ్ళ తరబడి ఎదురుచూశాడట. నేను పెంచిందేమో వెంట్రుక నాచు, పగడాల పాలిటి పీడ. ఎడతెగని వెలుతురు, మిగిలిపోయిన మేత, కుళాయి నీళ్ళు, మూడూ దానికి విందుభోజనాలే. మాట్లాడుతూనే ఆ గడ్డిని పక్కకి తప్పించి చూపించాడు. వెనక అతనికి బాగా ఇష్టమైన పగడం పిడికిలిలా ముడుచుకుపోయి ఉంది. అప్పుడుగానీ నేను చేసిన ఘనకార్యం ఏమిటో నాకు తెలిసిరాలేదు.

ఆ రోజు నుంచి నాది కలుపు కూలి. లైటు గంటలు తగ్గించాం. ఒక్కో రాయినీ ట్యాంకు నీళ్ళున్న తొట్టిలోకి తీసి నాచు పీకాం. అడుగున మురికిని గొట్టంతో లాగేసి, కొత్తగా ఉప్పునీళ్ళు కలిపి పోశాం. నాచు తినే నత్తల్ని తెచ్చి వదిలాం. నేను చెయ్యి కదిపితే చాలు, బావ ఆపేవాడు.

"ఆగు. ఏ రంగు?"

"పచ్చ."

"అయితే పీకు."

వారాలు గడిచాక పగడం మెల్లగా విచ్చుకుంది. రాయి మీద కందిబద్దంత ఊదా చుక్క కూడా కనిపించింది. అది చూపించడానికే బావ మా దంపతులిద్దరినీ పిలిచాడు. ఇలాంటి పని మళ్ళీ చెయ్యనని ఆ నీళ్ళు ముట్టుకుని ప్రమాణం చెయ్యమంది నూకరత్నం. చెయ్యి చాచాను. బావ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"గాల్లో సెయ్యి బావా. నీల్లలో సెయ్యెట్టొద్దు."

అందుచేత సీలింగు ఫ్యాను సాక్షిగా ప్రమాణం చేశాను, ఈ జన్మలో ఊదారంగు దేన్నీ గోకనని, పచ్చనిది దేన్నీ పెంచనని. నాటి నుంచి మా పెరట్లో కొత్తిమీరకి నీళ్ళు పొయ్యడం కూడా మానేశాను. నూకరత్నం సణుగుతోంది గానీ, ప్రమాణమంటే ప్రమాణమే కదండీ.