అవ్వ దాచుకున్న రోలు

నా చిన్నప్పుడు మా అవ్వకు పళ్లు లేవు. ఆకు, వక్క, పొగాకు కలిపి చిన్న ఇనప రోట్లో దంచి ఇవ్వడం నా పని. ఆ రోలు ఎవరి చేతికిస్తే వాళ్లంటేనే అవ్వకు ఎక్కువ ప్రేమని పిల్లలందరి లెక్క. అందుకే తమ్ముణ్ణి దాని దగ్గరికి కూడా రానిచ్చేదాన్ని కాదు. దంచాక వేళ్లకు అంటింది నాకేసేదాన్ని. మొదట్లో తల తిరిగేది. తర్వాత తిరగడం మానేసింది. ఆ తర్వాత, అవ్వ ఎప్పుడు పిలుస్తుందా అని నాలుక పీకడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం అవ్వ నా గడ్డం పట్టుకుని నోరు వాసన చూసింది. లేచి వెళ్లి తలుపు గడియ పెట్టింది. గోడకవతల నాయన అన్నం తింటున్నాడు. అవ్వ ఒక్క కేక వేస్తే నా పని అయిపోయినట్టే. అయినా నా నోరు ఊరుకుంటుందా!

"ఎవురిచ్చినారు మే నీకు?"

"నీ రోలే ఇచ్చింది. నువ్వు దినొచ్చు, నేను దినగూడదా?"

అవ్వ చెయ్యెత్తింది. కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. నా చూపుడువేలు పట్టుకుని తన బుగ్గ లోపల పెట్టుకుంది.

అక్కడ మెత్తగా లేదు. ఎండిన చెప్పుతోలులా గట్టిగా, గరుకుగా ఉంది. నా వేలు తగలగానే అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొన్నాళ్లుగా ఆమె కారం ముట్టకుండా, సంగటి మజ్జిగలో పిసుక్కుని ఎందుకు మింగుతోందో నాకప్పుడు అర్థమైంది.

"తెలిసిందా? మీ నాయనకు మాత్రం సెప్పాకు," అంది.

గడియ తీసి వెళ్లి చెప్పేశాను. నాయన ఆమెను తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బుగ్గ కోసి కుట్టారు.

అవ్వ ఆ రోజుతో మానేసిందని రాస్తే అందంగా ఉంటుంది. మానలేదు. కుట్లు మానాక మళ్లీ మొదలుపెట్టింది. కానీ రోలు మాత్రం నాకివ్వలేదు. చేతులు వణుకుతున్నా గోడవైపు తిరిగి తనే దంచుకునేది. దగ్గరికెళితే "పో మే ఆడికి!" అని కసిరేది. ప్రేమ గురించి నా పాత లెక్క ఆ కసురుతో తారుమారైంది.

ఇప్పుడు మా తమ్ముడు రేణిగుంటలో తన ఇంటి వరండాలో కూర్చుని, కాలేజీ స్నేహాలే పిల్లల్ని చెడగొడుతున్నాయని ఉపన్యాసమిస్తాడు. మధ్యలో సిగరెట్ నోట్లో పెట్టుకుని, అగ్గిపెట్టె తెమ్మని కొడుకును కేకేస్తాడు. పిల్లాడు పరుగున తెస్తాడు, నేను రోలు తెచ్చినంత సంబరంగా.

"అగ్గిపెట్టే గదక్కా, దానికీ రచ్చేనా?" అంటాడు తమ్ముడు.

రచ్చే. ప్రతిసారీ ఆ పిల్లాడి చేతిలోంచి లాక్కుంటాను. నా చూపుడువేలి కొసన ఆ గరుకు ఇంకా పోలేదు.